గీత పడిన చోటే అసలు పరీక్ష

విమానాలకు తుప్పు బెడద ఇక తీరినట్టేనన్న మాట పదేళ్లకు పైగా గట్టిగా వినిపిస్తోంది. ఎపాక్సీ రంగులో కొద్దిపాటి గ్రాఫీన్‌నో, కార్బన్ నానోట్యూబులనో, సిలికా నానోకణాలనో కలిపితే నీరు, ఆక్సిజన్, ఉప్పు లోహం దాకా చేరలేవని, క్యాన్సర్ తెచ్చే క్రోమేట్ రంగులను దాంతో వదిలించుకోవచ్చని ఈ వాదం సారాంశం. పరిశోధన పత్రాల్లో, రంగుల కంపెనీల ప్రచారంలో, పత్రికల సైన్సు పేజీల్లో, మన ఇంజినీరింగ్ కళాశాలల ప్రాజెక్టు నివేదికల్లో ఇదే మాట. తుప్పు వల్ల ప్రపంచానికి ఏటా 2.5 లక్షల కోట్ల డాలర్ల నష్టమని అమెరికాకు చెందిన నేస్ సంస్థ 2016లో వేసిన అంచనాను ముందు పెట్టడం, ఆ వెంటనే నానో పూతను మందుగా చూపడం ఆనవాయితీ అయిపోయింది.

ఈ వాదాన్ని నేను ఒప్పుకోను. నానో పదార్థాలతో ప్రయోజనమే లేదని నా ఉద్దేశం కాదు. వాటికి తగిన చోటు ఉంది, అదేమిటో కూడా చెబుతాను. నేను ఖండిస్తున్నది ఆ వాదానికి పునాదిగా ఉన్న నమ్మకాన్ని: పూత ఎంత చిక్కగా, ఎంత బిగువుగా ఉంటే లోహానికి అంత రక్షణ అన్న నమ్మకాన్ని. విమానం ఒంటి మీద పూత ఎక్కడో ఒకచోట తెగక తప్పదు. తెగిన చోట బయటపడ్డ లోహానికి ఆ పూత ఏం చేసిందన్నదే రక్షణకు కొలత. ఈ కొలతకు నిలబడని పూతలో ఎంత చిన్న కణాలున్నా విమానానికి అది పనికిరాదు.

బలమిచ్చిన రాగే బలహీనత

అల్యూమినియం సహజంగా తుప్పును బాగా తట్టుకునే లోహం. గాలి తగిలిన మరుక్షణం దాని మీద కొన్ని నానోమీటర్ల మందాన ఆక్సైడ్ పొర ఏర్పడి కాపు కాస్తుంది. అయితే స్వచ్ఛమైన అల్యూమినియం మెత్తన. విమానం భారాన్ని మోయలేదు. రాగి, మెగ్నీషియం కలిపిన అల్యూమినియాన్ని కాల్చి, చల్లార్చి, అలా వదిలేస్తే దానంతట అదే గట్టిపడుతుందని జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ విల్మ్ 1906లో కనుగొన్నాడు. డ్యూరాల్యుమిన్ అలా పుట్టింది. నేటికీ విమానాల ఒంటి రేకుకు వాడే 2024 మిశ్రమలోహం దాని వారసురాలే. ఇందులో రాగి సుమారు 4.4 శాతం, మెగ్నీషియం సుమారు 1.5 శాతం.

ఆ బలమిచ్చిన రాగే తుప్పుకూ దారి తీస్తుంది. ఈ లోహంలో రాగి, మెగ్నీషియం, అల్యూమినియం కలిసిన కణాలు కొన్ని మైక్రాన్ల సైజులో అంతటా చెదిరి ఉంటాయి. ఉప్పు తేమ తగిలితే వాటిలోని మెగ్నీషియం, అల్యూమినియం ముందుగా కరిగిపోతాయి. మిగిలిన గుల్లబారిన రాగి కాథోడ్‌గా మారుతుంది. ఆక్సిజన్ చర్య దాని మీద జరుగుతుంటే, అందుకు కావలసిన ఎలక్ట్రాన్లను ఇస్తూ చుట్టూ ఉన్న అల్యూమినియం కరుగుతుంది. విడిపోయిన రాగి పక్కన మళ్లీ పేరుకుని కొత్త కాథోడ్లను తయారుచేస్తుంది. కాబట్టి ఈ లోహాన్ని కాపాడడమంటే నీటిని దూరంగా ఉంచడం ఒక్కటే సరిపోదు. తేమ చేరాక ఆ రాగి కణాల మీద జరిగే చర్యను ఆపగలగాలి.

గత వందేళ్లలో ఈ లోహాన్ని నిజంగా కాపాడినవి ఏవో చూడండి. 1923లో బ్రిటన్‌లో బెంగో, స్టువర్ట్ అనే ఇద్దరు సముద్ర విమానాల డ్యూరాల్యుమిన్ భాగాలకు క్రోమిక్ ఆమ్లంలో ఆనోడైజింగ్ చేసే పద్ధతిని కనిపెట్టారు. 1920ల చివర్లో అమెరికాలో ఆల్‌క్లాడ్ వచ్చింది. బలమైన మిశ్రమలోహపు రేకుకు రెండు వైపులా స్వచ్ఛమైన అల్యూమినియం పొరను అతికించడం అందులోని కిటుకు. గీత పడి లోపలి రేకు బయటపడితే, పై పొర తాను కరుగుతూ లోపలి రేకును కాపాడుతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలపు విమానాల లోపలి భాగాల్లో కనిపించే పసుపు కలిసిన ఆకుపచ్చ రంగు జింక్ క్రోమేట్ ప్రైమర్‌ది. తర్వాతి కాలంలో స్ట్రాన్షియం క్రోమేట్ కలిపిన ఎపాక్సీ ప్రైమర్ ఆ స్థానాన్ని తీసుకుంది.

క్రోమేట్ పనిచేసే తీరును శ్రద్ధగా గమనించాలి. ప్రైమర్ పొర మందం 15 నుంచి 25 మైక్రాన్లే. అందులోని క్రోమేట్ తేమలో కొద్దికొద్దిగా కరిగి, గీతలోకి చేరి, రాగి కణాల మీదే క్షయకరణం చెందుతుంది. ఆరు సంయోజకత నుంచి మూడుకు దిగి, కరగని పలుచటి పొరగా అక్కడే అంటుకుంటుంది. దాంతో ఆక్సిజన్ చర్య ఆగుతుంది. అతి స్వల్ప గాఢతలోనే ఈ పని జరుగుతుంది. మరీ త్వరగా కరిగిపోదు, మరీ కరగకుండానూ ఉండిపోదు. కాబట్టి ప్రైమర్‌లో దాని నిల్వ ఏళ్ల తరబడి ఉంటుంది. ఆల్‌క్లాడ్ అయినా, క్రోమేట్ అయినా నిలబడింది గోడ కట్టి కాదు. దెబ్బ తగిలిన చోట స్పందించి.

తెగని పూత లేదు

పూత తెగకుండా చూసుకుంటే సరిపోదా అని నానో వాదులు అడుగుతారు. విమానం తిరిగే పరిస్థితుల్లో అది సాధ్యం కాదు. ఎండలో రన్‌వే మీద నిలబడ్డ విమానం ఒళ్లు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. అరగంటలో అదే విమానం 11 కిలోమీటర్ల ఎత్తున మైనస్ 55 డిగ్రీల చలిలో ఉంటుంది. ఎగిరిన ప్రతిసారీ లోపలి గాలి ఒత్తిడికి ఒళ్లు ఉబ్బుతుంది, దిగాక సర్దుకుంటుంది. పెద్ద విమానానికి రివెట్లు, బోల్టులు లక్షల్లో ఉంటాయి. ప్రతి రివెట్ తల చుట్టూ రేకు, రివెట్ విడివిడిగా కదిలి రంగును చీలుస్తాయి. రెక్కల ముందంచును వానచినుకులు, ఇసుక రాపాడతాయి. సామాన్లు ఎక్కించే బండ్లు తలుపుల దగ్గర గీస్తాయి. హైడ్రాలిక్ ద్రవం రంగును మెత్తబరుస్తుంది. మరుగుదొడ్ల కింద, వంటగది అరల కింద, పొట్ట అడుగున నీరు ఊరి నిలుస్తుంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైన చోటు రెండు రేకులు ఒకదాని మీద ఒకటి కలిసే అతుకు. 1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ 243 విమానం 24,000 అడుగుల ఎత్తున ఉండగా దాని పైకప్పు దాదాపు 18 అడుగుల మేర ఊడిపోయింది. విమాన సహాయకురాలు ఒకరు ప్రాణం కోల్పోయారు. 1969లో తయారైన ఆ బోయింగ్ 737 అప్పటికి 89,680 సార్లు ఎగిరింది. ఉప్పు గాలుల ద్వీపాల మధ్య చిన్న చిన్న ప్రయాణాలే దాని పని. రేకుల అతుకులో జిగురు విడిపోయి, లోపల తేమ చేరి, తుప్పు పట్టి, రివెట్ రంధ్రాల దగ్గర పుట్టిన సన్నని పగుళ్లు ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. ఆ నష్టాన్ని నిర్వహణ తనిఖీలు పట్టుకోలేకపోయాయని అమెరికా దర్యాప్తు సంస్థ తేల్చింది. అల్యూమినియం తుప్పు పడితే పుట్టే హైడ్రాక్సైడ్, కరిగిన లోహం కన్నా ఆరు రెట్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. అతుకులో అది పేరుకుంటే రేకులనే విడదీస్తుంది. బయటి నుంచి పూసే ఏ నానో పూతకూ ఆ అతుకు లోపలికి దారి లేదు. అతుకు బిగించే ముందే లోపల పూసే ప్రైమర్, సీలంట్ తమలోంచి తుప్పు నిరోధకాన్ని వదలగలిగితేనే అక్కడ కాపు. నానో పూతల గురించి రాసేవాళ్లు రేకు పై ముఖాన్నే చూస్తున్నారు. విమానాన్ని కూల్చే తుప్పు లోపలి ముఖాల మధ్య పుడుతుంది.

తామరాకు సూత్రంతో నీటిని అంటనీయని పూతల వాదమూ ఇక్కడే వీగిపోతుంది. ఆ గుణం ఉపరితలం మీది నానో గరుకుదనం వల్ల వస్తుంది. వేగంగా వచ్చి కొట్టే వానచినుకులు, ఇసుక ఆ గరుకును అరగదీస్తాయి. తేమ ఆవిరిగా చేరి ఆ గుంతల్లోనే మంచుబొట్టుగా పేరుకుంటే, జారిపోవలసిన నీరు అక్కడే ఇరుక్కుంటుంది. విమానం దిగాక దాని ఒంటికి పట్టే తేమ చాలావరకు ఈ రూపంలోనే వస్తుంది.

కార్బన్ అల్యూమినియానికి మిత్రం కాదు

నానో వాదంలో అందరినీ ఆకర్షించింది గ్రాఫీన్. 2004లో దాన్ని వేరుచేసిన గైమ్, నోవోసెలోవ్‌లకు 2010లో నోబెల్ బహుమతి వచ్చింది. ఒక్క పరమాణువు మందపు ఆ పొర గుండా హీలియం కూడా దూరలేదని 2008లో రుజువైంది. 2012లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గ్రాఫీన్ పొరను పెంచిన రాగి 7 రెట్లు, నికెల్ 20 రెట్లు నెమ్మదిగా తుప్పు పడుతుందని ప్రకటించారు. లోకంలోకెల్లా పలుచని తుప్పు నిరోధక పూత దొరికిందని అందరూ సంబరపడ్డారు.

మరుసటి ఏడాదే, 2013లో, బర్క్‌లీ పరిశోధకులు వాండర్‌బిల్ట్ పత్రం వచ్చిన పత్రికలోనే ఇంకో పత్రం అచ్చువేశారు. దీర్ఘకాలంలో గ్రాఫీన్ పూత అసలు పూతే లేకపోవడం కన్నా హీనమని వారు శీర్షికలోనే చెప్పారు. కొద్దికాలం అది రాగిని కాపాడిన మాట నిజమే. కాలం గడిచేకొద్దీ గ్రాఫీన్‌లోని సన్నని లోపాల గుండా తేమ దూరి, గ్రాఫీన్ లేని రాగి కన్నా ఎక్కువగా తుప్పు పట్టింది. రెండు ప్రయోగాలూ నిజమే చెప్పాయి. తేడా అవి చూసిన కాలవ్యవధిలో ఉంది. విమానం బతికేది పాతికేళ్లు, ముప్ఫై ఏళ్లు. ఏ ఫలితాన్ని పట్టించుకోవాలో వేరే చెప్పనక్కరలేదు.

కారణం రసాయనశాస్త్రం మొదటి పాఠాల్లోనే ఉంది. గ్రాఫీన్ విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది, అల్యూమినియం కన్నా ఎంతో ఉత్కృష్టమైనది, అంటే ఎలక్ట్రాన్లను దాని అంత తేలిగ్గా వదలదు. ఉప్పు నీటిలో అవి రెండూ తాకితే గ్రాఫీన్ కాథోడ్, అల్యూమినియం ఆనోడ్. పూత అంతటా కాథోడ్ పరుచుకుని ఉండగా ఒక్క గీతలో లోహం బయటపడితే, అంత పెద్ద కాథోడ్ కోరే ఎలక్ట్రాన్లన్నిటినీ ఆ చిన్న గీతే ఇచ్చుకోవాలి. కట్టకు గండి పడితే చెరువంతటి నీరూ ఆ ఒక్క చోటి నుంచే దూకి గండిని పెద్దది చేసినట్టు, దాడి అంతా ఆ గీతలోకి దిగి లోతుగా తొలుస్తుంది.

ఈ సంగతి విమాన పరిశ్రమకు కొత్త కాదు. బోయింగ్ 787 బరువులో సగం కార్బన్ ఫైబర్ వంటి మిశ్రమ పదార్థాలదే. కార్బన్ ఫైబర్ అల్యూమినియాన్ని నేరుగా తాకకుండా మధ్యలో గాజు పీచు పొర వేస్తారు. తాకక తప్పని చోట అల్యూమినియం బదులు టైటానియం వాడతారు. అల్యూమినియం రేకు మీద గుర్తులు పెట్టడానికి మామూలు గ్రాఫైట్ పెన్సిల్ వాడకూడదని మరమ్మతు నియమాల్లోనే ఉంటుంది. పెన్సిల్ గీతలోని కార్బన్ కూడా తుప్పుకు బీజం అవుతుందని అంత జాగ్రత్త. అదే కార్బన్‌ను రంగులో కలిపి విమానమంతా పూయమనడం ఇన్నేళ్ల అనుభవానికి ఎదురు నడవడమే.

రంగులోని గ్రాఫీన్ రేకులు విడివిడిగా ఉంటాయి, ఎపాక్సీ వాటిని చుట్టేస్తుంది, కాబట్టి విద్యుత్తు ప్రసరించదని దీనికి ఒక సమాధానం ఉంది. తక్కువ మోతాదులో, సరిగ్గా విడిపోతే అది నిజమే. అప్పుడు గ్రాఫీన్ చేసే పని, నీటి అణువులు మెలికలు తిరుగుతూ వెళ్లేలా దారిని పొడుగు చేయడం ఒక్కటే. దానివల్ల నీరు ఆలస్యంగా చేరుతుంది. చేరడం మానదు. రేకులన్నీ లోహానికి సమాంతరంగా పరుచుకుంటేనే ఆ మాత్రం లాభం. స్ప్రే గన్‌తో కొట్టిన రంగులో అవి ఇష్టం వచ్చినట్టు తిరిగి ఉంటాయి. మోతాదు పెంచితే ఒకదానికొకటి తగిలి విద్యుత్తుకు దారి ఏర్పడుతుంది. ఆ దారిని ఆపడానికి గ్రాఫీన్ మీద సిలికా తొడుగు వేసే పద్ధతులూ వచ్చాయి. ఇంత చేసి చివరికి తయారయ్యేది విద్యుత్తు ప్రసరించని ఒక పలుచని రేకు. అభ్రకం, టాల్క్, గాజు రేకులు దశాబ్దాలుగా రంగుల్లో ఈ పనే చవకగా, ప్రమాదం లేకుండా చేస్తున్నాయి.

కొలతల్లోనే దోషం

ఇంత బలహీనమైన వాదం ఎలా నిలిచింది? అందుకు కారణం మనం ఎంచుకున్న కొలతలు. పూత పూసిన రేకును ఉప్పు నీటిలో ఉంచి, అతి తక్కువ ఫ్రీక్వెన్సీ దగ్గర విద్యుత్తుకు అది ఎంత అడ్డుపడుతుందో (ఇంపిడెన్స్) చూడడం ప్రయోగశాలల్లో పరిపాటి. చదరపు సెంటీమీటరు విస్తీర్ణానికి వంద కోట్ల ఓమ్‌ల పైన ఉంటే పూత బాగున్నట్టు లెక్క. గీత లేని మంచి ఎపాక్సీ పూత, నానో కణం ఒక్కటీ లేకపోయినా, మొదటి రోజుల్లో ఈ స్థాయిని చేరగలదు. గీత పెట్టని రేకును ముప్ఫై రోజులు ముంచి, ఏమీ కలపని ఎపాక్సీతో పోల్చి, పది రెట్లు మేలని ప్రకటిస్తే దాని నుంచి విమానం గురించి తెలిసేది ఏమీ లేదు. పోల్చవలసింది దశాబ్దాలుగా ఎగురుతున్న క్రోమేట్ ప్రైమర్‌తో. అదీ ఒకే మందంలో, గీత పెట్టి, ఏళ్ల పాటు.

సాల్ట్ స్ప్రే పరీక్షనూ గుడ్డిగా నమ్మకూడదు. 1939 నుంచి వాడుకలో ఉన్న ఆ పద్ధతిలో 5 శాతం ఉప్పు నీటిని 35 డిగ్రీల దగ్గర ఒక పెట్టెలో ఎడతెగకుండా చిమ్ముతారు. అమెరికా సైనిక ప్రమాణం ప్రకారం విమానపు ఎపాక్సీ ప్రైమర్, గీత పెట్టిన రేకు మీద, ఇందులో 2,000 గంటలు నిలవాలి. అంటే సుమారు 83 రోజులు. ఆ పెట్టెలో ఎండ లేదు, అతినీలలోహిత కిరణాలు లేవు, ఎండడం లేదు, గడ్డకట్టడం లేదు, రేకు వంగడం లేదు. నార్త్ డకోటాలో గోర్డన్ బీర్‌వాగెన్ బృందం తెచ్చిన మెగ్నీషియం ప్రైమర్ చరిత్ర ఇందుకు సాక్ష్యం. బయట గాలిలో, ఎండలో పెట్టినప్పుడు చక్కగా కాపాడిన ఆ పూత సాల్ట్ స్ప్రే పెట్టెలో పొక్కులు ఎక్కింది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో, తడిపొడి మార్పులతో మెగ్నీషియం మీద ఏర్పడే పొరలకు ఆ పెట్టెలో అవకాశం లేకపోవడం అందుకు ఒక కారణం. ఆ పెట్టె ఒక్కటే న్యాయమూర్తి అయితే మంచి పూతను పారేసి, పనికిరానిదాన్ని నెత్తికెత్తుకుంటాం.

నానో డబ్బాల లెక్క

నానో వాదుల్లో నేను నిజంగా గౌరవించే వర్గం ఒకటుంది. పూత గోడ కాదని, గీతలో పనిచేయాలని వారూ ఒప్పుకుంటారు. అందుకే నిరోధక రసాయనాన్ని హాలోయ్‌సైట్ నానోగొట్టాల్లోనో, సిలికా గోళాల్లోనో, పొరలపొరల హైడ్రాక్సైడ్లలోనో దాచి, తుప్పు మొదలైనప్పుడు మాత్రమే వదిలేలా చేయాలంటారు. ఆలోచన సరైనది. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో రుడాల్ఫ్ బుక్‌హైట్ బృందం 2003లో చూపిన వనాడియం హైడ్రాక్సైడ్ వర్ణకం క్లోరైడ్‌ను తనలోకి తీసుకుని, బదులుగా నిరోధకాన్ని వదిలింది. శత్రువునే తాళంచెవిగా వాడుకున్న ఆ రసాయనం మెచ్చదగినది.

అయినా ఒక లెక్క అడగాలి. హాలోయ్‌సైట్ గొట్టంలో నింపగలిగే నిరోధకం సాధారణంగా దాని బరువులో పదోవంతు దరిదాపు. రంగులో అలాంటి గొట్టాలను 5 శాతం కలిపారనుకుందాం. ఎండిన పూతలో నిరోధకం అర శాతం అవుతుంది. క్రోమేట్ ప్రైమర్‌లోనైతే ఆ నిల్వ పూత బరువులో ఐదోవంతు దాకా ఉంటుంది. పైగా క్రోమేట్‌కు సాటి వచ్చే సామర్థ్యం ఈ గొట్టాల్లో నింపే సీరియానికో, బెంజోట్రయజోల్‌కో లేదు. బలహీనమైన మందును నలభయ్యో వంతు మోతాదులో ఇచ్చి, ఫలితం మాత్రం పాతికేళ్లు కావాలనడం ఎలా కుదురుతుంది? గొట్టాల పాలు పెంచితే రంగు చిక్కబడి స్ప్రే గన్‌లో నడవదు, కణాలు ముద్దలు కడతాయి, ముద్దల చుట్టూ నీటికి దారి దొరుకుతుంది.

కణం చిన్నదైతే మేలన్న భావన ఇక్కడ పూర్తిగా తలకిందులవుతుంది. 10 మైక్రాన్ల కణాన్ని 10 నానోమీటర్ల కణాలుగా చేస్తే అదే బరువుకు ఉపరితలం వెయ్యి రెట్లు అవుతుంది. కరిగే నిరోధకమైతే అంత వేగంగా కరిగి ఖాళీ అయిపోతుంది. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా అందవలసిన నిల్వకు చిన్నతనం శాపం.

నిజంగా ముందుకు నడిపినవి

క్రోమేట్ లేకుండా విమానాన్ని కాపాడే దిశగా గట్టి అడుగులు పడిన మాట నిజం. అవి ఎక్కడ పడ్డాయో చూస్తే నా వాదన ఇంకా తేటపడుతుంది. మెగ్నీషియం ప్రైమర్‌లోని కణాలు మైక్రాన్ల సైజువి. తాను కరుగుతూ అల్యూమినియాన్ని కాపాడడం దాని పద్ధతి, ఆల్‌క్లాడ్‌లో ఉన్న సూత్రమే అది. డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయం, ఆక్జోనోబెల్ సంస్థ కలిసి పెంచిన లిథియం ప్రైమర్ మామూలు లిథియం లవణాన్ని గీతలోకి వదులుతుంది. అక్కడ గట్టి ఆర్ద్ర అల్యూమినియం ఆక్సైడ్ పొర ఏర్పడి నిలుస్తుంది. రెండిటి బలమూ సరైన రసాయనాన్ని ఎంచుకోవడంలో ఉంది. కణాన్ని చిన్నది చేయడంలో లేదు.

నానో స్థాయి పొరలు నెగ్గిన చోట్లూ ఉన్నాయి. బోయింగ్ తెచ్చిన జిర్కోనియం, సిలికాన్ సోల్‌జెల్ పొర రంగును లోహానికి గట్టిగా అంటిస్తుంది. అది ఎన్నో విమానాల మీద ఎగురుతోంది. అమెరికా నౌకాదళ పరిశోధకులు రూపొందించిన మూడు సంయోజకత గల క్రోమియం శుద్ధి పొర వంద నానోమీటర్ల దరిదాపు మందానిదే. వీటి విజయాన్ని నానో వాదానికి రుజువుగా చూపడం సరికాదు. సోల్‌జెల్ పొర చేసేది అంటుకునే పని. తుప్పును ఆపే బాధ్యత దాని మీది ప్రైమర్‌ది. తన పని ఏమిటో తెలిసిన పొర నెగ్గింది. ఒక్క పొరే అన్నీ చేస్తుందని ఎవరూ దాని పేరిట చెప్పలేదు.

క్రోమేట్‌ను సమర్థిస్తున్నానా?

నానో పూతలను ప్రశ్నించేవారంతా క్రోమేట్ కొమ్ము కాస్తున్నారని ఒక ఆరోపణ ఉంది. దానికి సూటిగా జవాబు చెప్పాలి. ఆరు సంయోజకత గల క్రోమియం ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1990లోనే దాన్ని మొదటి వర్గంలో చేర్చింది. పాత రంగును రుద్ది తీసేవాళ్లు, ప్రైమర్ కొట్టేవాళ్లు, క్రోమిక్ ఆమ్లపు తొట్ల దగ్గర నిలబడేవాళ్లు దాన్ని పీలుస్తున్నారు. అమెరికా 2006లో పని చోట గాలిలో దాని పరిమితిని ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములకు దించింది. మన ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూలు క్రోమేట్లకు పెట్టిన పరిమితి 50 మైక్రోగ్రాములుగా ఉండేది. ఈ తేడాకు మూల్యం చెల్లించేది కార్మికుడి ఊపిరితిత్తులు. క్రోమేట్ పోవాలి. ఇందులో రెండో మాట లేదు.

ఆ కారణంగానే తప్పుడు హామీల మీద నాకు ఇంత కోపం. యూరప్‌లో స్ట్రాన్షియం క్రోమేట్‌కు 2019 జనవరి 22న గడువు ముగిసింది. ఆ తర్వాతా విమాన రంగం ప్రత్యేక అనుమతులు తీసుకుని దాన్ని వాడుతూ వచ్చింది. అన్ని చోట్లా దానికి సాటి వచ్చే ప్రత్యామ్నాయం దొరికి ఉంటే ఆ అనుమతుల అవసరమే ఉండేది కాదు. పరిష్కారం వచ్చేసిందని ప్రతి ఏడాదీ ప్రకటిస్తూ పోతే, నిజమైన ప్రత్యామ్నాయాన్ని ఏళ్లకేళ్లు ఎండలో, ఉప్పు గాలిలో పరీక్షించే ఓపికకు డబ్బు దొరకదు. ఆలస్యమైన ప్రతి ఏడూ పెయింటర్ క్రోమేట్ పీలుస్తూనే ఉంటాడు.

కార్బన్ నానోట్యూబుల రంగును నిశ్చింతగా కొట్టవచ్చన్న భరోసా కూడా ఎవరూ ఇవ్వలేరు. ఒక రకం బహుళపొరల నానోట్యూబులను అదే క్యాన్సర్ సంస్థ 2014లో క్యాన్సర్ కారకం కావచ్చన్న వర్గంలో పెట్టింది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ 2013లో గాలిలో నానోట్యూబులకు సూచించిన పరిమితి ఘనపు మీటరుకు 1 మైక్రోగ్రామే. పూసేటప్పుడు బైండర్‌లో ఇమిడిన కణాలు, పదేళ్ల తర్వాత రంగును రుద్ది తీసేటప్పుడు దుమ్ములో కలిసి లేస్తాయి. ఒక విషాన్ని తీసి ఇంకో అనుమానాన్ని అదే కార్మికుడి ముక్కు దగ్గర పెట్టడం అభివృద్ధి అనిపించుకోదు.

మన నేల మీద చేయవలసింది

ఇది ఎక్కడో అమెరికాకే సంబంధించిన చర్చ అనుకోనక్కరలేదు. హైదరాబాద్ పక్కన ఆదిబట్లలో అపాచీ హెలికాప్టర్ల ఒళ్లు, సీ-130జే విమానాల తోకభాగాలు తయారవుతున్నాయి. శంషాబాద్‌లో విమానాల మరమ్మతు కేంద్రం నడుస్తోంది. బాలాపూర్‌లోని పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ సోల్‌జెల్ పూతల మీద, నిరోధకం నింపిన నానో మట్టి గొట్టాల మీద ఏళ్లుగా పనిచేస్తోంది. విశాఖలో ఐఎన్‌ఎస్ డేగా స్థావరంలోని నౌకాదళ విమానాలు సముద్రపు ఉప్పు గాలిలోనే నిలబడతాయి. ఈ పూతల మంచిచెడ్డలు మన పనివాళ్ల ఒంటి మీదా, మన విమానాల ఒంటి మీదా తేలతాయి.

అందుకే మన పరిశోధకులకు, వారికి నిధులిచ్చేవారికి, ఈ పత్రాలను సమీక్షించేవారికి నా విన్నపం ఇది. విమానపు పూత పేరుతో వచ్చే ప్రతి ఫలితాన్నీ ముందు క్రోమేట్ ప్రైమర్ పక్కన, ఒకే మందంలో పెట్టి చూడండి. రేకుకు గీత పెట్టండి. టైటానియం, స్టీలు బోల్టులు బిగించి, అతుకు చేసి పరీక్షించండి. తమిళనాడు మండపం దగ్గర కారైకుడి విద్యుత్ రసాయన పరిశోధన సంస్థకు సముద్రతీర పరీక్షా కేంద్రం ఉంది. అలాంటిదే విశాఖ తీరంలోనూ పెట్టి, పూత పూసిన రేకులను ఏళ్ల తరబడి ఉంచండి. నిరోధకం ఎంత నిండింది, ఎన్నేళ్లకు ఖాళీ అవుతుంది అన్న లెక్కను పత్రంలోనే చూపమని అడగండి. రంగును రుద్ది తీసేటప్పుడు గాలిలోకి ఏం లేస్తుందో కొలవండి. వీటిలో నెగ్గిన నానో పూతను నేను మనస్ఫూర్తిగా స్వాగతిస్తాను.

ఇవేవీ లేకుండా, గీత పెట్టని రేకు మీద ముప్ఫై రోజుల ఇంపిడెన్స్ అంకె చూపి విమానం క్షేమమని చెప్పే పత్రానికి విమానం పేరు వాడుకునే అర్హత లేదు.